నీలం తలుపు దగ్గర ఎడమకు

"నీలం తలుపు ఇంటి దగ్గర ఎడమకు తిరగండి" అని కాగితంలో అచ్చేసి ఉంది. సందులో తలుపులు పదకొండున్నాయి. నీలం తలుపు మాత్రం లేదు.

"ఎవరినైనా అడగండీ" అంది సర్వేయరుగారి ఇల్లాలు, ఓ గుమ్మం మెట్టు మీద కూలబడి.

"నేనా?" అన్నాడాయన. "ఇరవై ఏడేళ్ళుగా జనానికి వాళ్ళ పొలాల హద్దులు చూపించిన వాణ్ణి, నేను దారి అడగడమా?"

పైగా పందెం కూడా ఉంది. ఐదు రోజుల కాలినడక యాత్ర ఇది. గైడు ఉండడు. హోటల్లో రోజూ పొద్దున్నే దారి వివరాల కాగితాలు చేతిలో పెడతారు, చూసుకుంటూ నడవడమే. ఆయన నోరు తెరిచి ఎవరినైనా దారి అడిగితే, ఆ క్షణం నుంచి కాగితాలు ఆవిడవి. కాగితాలు ఎవరివైతే పెత్తనం వాళ్ళది. ఇప్పటిదాకా పెత్తనం ఆయనదే కాబట్టి గంటస్తంభానికి ఏడు నిమిషాలు, పాత బజారుకు నాలుగు నిమిషాలు దక్కాయి. సాయంత్రం సముద్రానికి ఇరవై రాసిపెట్టాడు. కాళ్ళు తడవడానికే అంతసేపు పడుతుందని ఆవిడ గోల.

గానుగెద్దుల్లా నాలుగోసారి సందు చుట్టి వచ్చేసరికి, ఆకుపచ్చ తలుపు పక్కన కిటికీ తెరుచుకుంది.

"ఇంకోసారి తిరిగారంటే సందు అరిగిపోతుంది అబ్బాయ్! లోపలికి రండి, టీ తాగి తిరుగుదురుగాని" అంది ఓ మామ్మగారు.

"నేను అడగలేదు, ఆవిడే పిలిచింది. గుర్తుంచుకో" అని పెళ్ళాం చెవిలో గొణిగి, చెప్పులు విప్పాడు సర్వేయరుగారు.

ఇల్లాలి కళ్ళు ఊరుకుంటాయా? గుమ్మం దాటుతూనే తలుపు అంచు చూసింది. పెచ్చు లేచినచోట ఆకుపచ్చ కింద నీలం, దాని కింద పసుపు, ఇంకా లోపల మరేదో రంగు, ఉల్లిపొరల్లా కనబడ్డాయి. లోపల ఒక్కతే మనిషి. ఒక మంచం, ఒక జత చెప్పులు, దండెం మీద ఒక తువ్వాలు. బల్ల మీద మాత్రం ఆరు కప్పులు బోర్లించి ఉన్నాయి. నీళ్ళు అప్పటికే మరుగుతున్నాయి.

"పిల్లలెంతమంది? ఇల్లు ఎవరికి అప్పజెప్పి వచ్చారు? కుండీల్లో మొక్కలకి నీళ్ళో?" అంటూ మామ్మగారు మొదలుపెట్టింది. ఆయన రెండు సెంట్ల గట్టు కోసం ఇద్దరు అన్నదమ్ములు కొలతగొలుసు చెరోవైపూ పట్టుకుని లాక్కున్న కథ ఎత్తుకున్నాడు. ఇంట్లో ఆ కథ మొదలైతే పిల్లి కూడా లేచి వెళ్ళిపోతుంది. మామ్మగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "తర్వాతేమైంది?" అని అడిగింది. అలా అడిగిన మనిషి దొరికాక ఆయన్ని ఆపడం ఎవరి తరం? గంటస్తంభానికి ఏడు నిమిషాలిచ్చిన పెద్దమనిషి గంటంబావు కూర్చుని మూడు కప్పులు తాగాడు.

లేచేటప్పుడు అదే ఊపులో, "ఇంతకీ మామ్మగారూ, ఆ నీలం తలుపెక్కడుంది?" అనేశాడు.

"అడిగారు!" అని చప్పట్లు చరిచింది ఇల్లాలు. "కాగితాలిలా తెండి!"

"ఛ! అది మాటవరసకి..."

"అడిగావు నాయనా, నేను సాక్ష్యం" అంది మామ్మగారు. "నీలం తలుపు ఇదే. పోయిన నెల ఆకుపచ్చ వేశాను. మా ఇంటి పక్కనుంచి ఎడమకు తిరిగి తిన్నగా దిగండి, సముద్రమే."

ఓడిపోయినా సర్వేయరు సర్వేయరే. చివరి కాగితంలో 'సవరణలు' అన్నచోట పెన్సిలుతో 'తలుపు ఆకుపచ్చ, నీలం కాదు' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. "రాత్రి హోటల్లో ఇస్తే రేపటి కాగితాల్లోనే మార్చేస్తారు. ఇక మిమ్మల్నెవరూ ఇబ్బంది పెట్టరు మామ్మగారూ" అని, కాగితాలూ పెన్సిలూ భార్య చేతిలో పెట్టాడు.

"రాయి నాయనా, రాయి" అంది మామ్మగారు.

సందు చివరికొచ్చి ఉప్పుగాలి తగిలాక, ఎండటోపీ మరిచిపోయినట్టు ఇల్లాలికి గుర్తొచ్చింది. "మీరు ఇక్కడే ఉండండి. కదిలారంటే తప్పిపోతారు" అని వెనక్కి నడిచింది.

ఆకుపచ్చ తలుపు ముందు స్టూలు వేసి ఉంది. దాని మీద మామ్మగారు. చేతిలో కుంచె. తలుపు పైభాగమంతా అప్పటికే ఎర్రగా అయిపోయింది.

"ఇదేమిటి మామ్మగారూ! నెల క్రితమే కదా రంగు వేశానన్నారు?"

మామ్మగారు దొరికిపోయినట్టు నాలుక కరుచుకుని, మళ్ళీ కుంచె ముంచింది. "రేపు పొద్దున్నకి ఆరొద్దూ? పసుపు వేస్తే పసుపని రాశారు, నీలం వేస్తే నీలమని రాశారు. సరిగ్గా రాసినప్పుడల్లా అందరూ తలుపు చూసి చక్కా ఎడమకు తిరిగి పోతారమ్మా. ఒక్కరూ ఆగరు."

ఇల్లాలు టోపీ తీసుకుని తలకి పెట్టుకుంది. మెట్టు మీద కూర్చుని, మొగుడి పెన్సిలు తిరగేసి వెనకున్న రబ్బరుతో నెమ్మదిగా చెరిపింది. చెరిపినచోట ఊది, తన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'సవరణలేమీ లేవు. నీలం తలుపు దూరం నుంచే కనబడింది.'