పెట్టె చెప్పిన బూజు

"బూజు పడుతుందని పెట్టె చెప్పాక ఇంకా కలపడమెందుకు, వైదేహీ?" పొద్దుటి నుంచీ భాస్కరానిది అదే పాట.

"మూడో రోజు ఆవకాయ తిరగకలపకపోతే బూజు పట్టక ఏం చేస్తుందండీ?" అంది వైదేహి.

ఊళ్ళో అందరిళ్ళలో ఉన్నట్టే వాళ్ళ గోడకీ, అడిగితే జరగబోయేది చెప్పే పెట్టె ఉంది. ఇంతవరకూ దాని మాట తప్పింది లేదు. అయితే ఏం జరుగుతుందో చెబుతుందే గానీ, ఎందుకు జరుగుతుందో చెప్పదు. ఆ కారణం తామే అవుతామేమోనని ఇంటిల్లిపాదీ జాడీకి ఆమడ దూరంలో తిరుగుతున్నారు. వైదేహి గరిటె తీస్తే అత్తగారు లాక్కున్నారు.

"రేపు బూజు పడితే నీ చెయ్యి తడి అంటారే అమ్మాయ్. ఆ నింద నీకెందుకు?"

వారం తిరక్కుండా జాడీ నిండా తెల్లగా బూజు పరుచుకుంది. ఏడాది పచ్చడి పెంటపాలైంది.

"చూశావా, చెప్పినట్టే అయింది," అన్నాడు భాస్కరం, తానే పట్టించినంత గర్వంగా.

"చెప్పబట్టే అయింది."

ఆ మధ్యాహ్నం ఆవకాయ లేని ముద్దపప్పు వంక అందరూ దిగులుగా చూస్తుంటే, వైదేహి నెయ్యి వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"రేపు మళ్ళీ కాయలు కొట్టిస్తున్నాను. ఆ కొత్త జాడీ ఏమవుతుందో మాత్రం పెట్టెని ఎవరూ అడక్కండి."