కిటికీ పక్క కుర్చీ

"అన్నీ రాసుకుంటున్నావు సరే, ఎందుకలా అని మాత్రం అడగవేం తల్లీ?" అన్నాడు కిటికీ పెద్దాయన.

ఆమె కలం ఆగింది.

అది డయాలసిస్ గది బయట, రోగులు వంతు కోసం ఎదురుచూసే హాలు. మానవశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఆమె, వాళ్ల మాటలు రాసుకుంటూ చాన్నాళ్లుగా అక్కడే తిరుగుతోంది. ఎవరి పేరూ అడగకూడదన్నది ఆ పనిలో నియమం. అందుకే ఒకాయన టోపీ మామ, ఒకావిడ రేడియో అత్త, కిటికీ పక్కన కూర్చునే ఈయన కిటికీ పెద్దాయన.

"దేని గురించండీ?"

"మనిషి పోతే అతని కుర్చీలో కొన్నాళ్లు ఎవరూ కూర్చోరు. కాళ్లు పీకుతున్నా నిలబడతారు. ఎందుకంటావు? నాకో ఆలోచన ఉంది, చెప్పనా?"

సిద్ధాంతాలకు కాలం చెల్లిందని ఆమె పరిశోధన గైడు మొదటిరోజే చెప్పాడు. వాళ్ల గోడు వాళ్ల నోటితోనే వినిపించాలట, మధ్యలో దూరి అర్థాలు చెప్పకూడదట.

ఆమె నవ్వి కలానికి మూత పెట్టింది.

"ఆలోచనలొద్దండీ. మీ సంగతులు చెప్పండి చాలు."

"నా సంగతులేముంటాయిలే" అని ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఎదురుగా నిలబడ్డ ఆయన కూతురు ఇందాకటి నుంచీ ఫోనెత్తి ఫొటోలు తీస్తోంది.

తన గురించి ఒక్క ముక్క చెప్పడు, ఊరికే ప్రశ్నలేస్తాడు. ఆయన మాటలన్నీ పనికిరానివని ఆమె ఆ రాత్రే నోట్సులోంచి కొట్టేసింది.

తర్వాత కొన్నాళ్లకు థీసిస్ తిరిగొచ్చింది. మాటలు బండెడున్నాయి, వాటిని కలిపే దారమేదని అడిగారు దాన్ని పరిశీలించిన పెద్దలు. గాలి మళ్లీ సిద్ధాంతం వైపు తిరిగిన సంగతి గైడుకే ఆలస్యంగా తెలిసింది. గడువు దగ్గరపడింది. అది దాటితే ఆమె ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

గైడు తల పట్టుకున్నాడు.

"ఎదురుచూపుల మీద బుర్ర పెట్టింది మా మాస్టారొక్కరేనమ్మా. పాత సరుకని మేమే ఎగతాళి చేసి సాగనంపాం. ఆయన నాలుగు మాటలు చెబితే నువ్వు గట్టెక్కుతావు. వెతుకు."

ఆమె కాళ్లరిగేలా తిరిగింది. ఇల్లు ఎప్పుడో అమ్మేశారన్నారు. ఫోను పలకలేదు. ఆయన పుస్తకం మీద ఫొటో అయినా లేదు.

ఆ వారం కిటికీ పెద్దాయన ఆమెను తేరిపార చూశాడు.

"ముఖం వాడిపోయిందేం తల్లీ? దేనికోసం వెతుకుతున్నావు?"

తన కష్టాలు రోగులకు చెప్పుకోకూడదన్నది ఆమెకున్న ఇంకో నియమం.

"ఏం లేదండీ" అంది.

ఆయన ఇంకేదో అడగబోయేంతలో నర్సు లోపలికి పిలిచింది.

మరుసటి వారం హాలు కిటకిటలాడుతోంది. టోపీ మామ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఆమెకు అర్థమైంది, కళ్లు నిండాయి. ఎందుకు కూర్చోరని మొదటిసారి అడగాలనిపించింది, కానీ అడగడానికి ఎవరూ లేరు.

ఫోన్ మోగింది. అవతల గైడు.

"మాస్టారి ఆచూకీ తెలిసిందమ్మా. తెలిసీ లాభం లేదు, మొన్న పోయారు. వాళ్లమ్మాయి ఫొటో పంపింది, నీకూ పంపాను, చూడు."

ఫొటోలో, కిటికీ పక్క కుర్చీలోంచి మాస్టారు ఏదో చెప్పబోతూ ముందుకు వంగి ఉన్నాడు, పక్కనే ఆమె కలానికి మూత పెడుతూ ఉంది.