రూతమ్మ నేర్చుకున్న గేర్లు

"క్లచ్ తొక్కు. ఇగ రెండో గేరెయ్యి," అన్నాడు దానియేలు, స్టీరింగు ముందు కూర్చున్న భార్యతో.

రూతమ్మ గేరు వేసింది. పసుపు పంట అమ్మి కొన్న పాత పికప్, వాళ్ల మొదటి బండి, బోధన్ రోడ్డు మీద కుదుపు లేకుండా కదిలింది.

"ఆడదానికి బండెందుకని ఊరంత నవ్వుతున్నరు," అన్నదామె, తానూ నవ్వుతూ.

"నవ్వనీ. సక్కగ పోనియ్యి."

చేను దారి నుంచి చెరుకు ఎడ్లబండి ఒకటి రోడ్డెక్కి అడ్డంగా నిలిచింది. భర్త ఆపమంటాడేమోనని చూసింది. ఆయన ముందుకే ముఖం పెట్టి తాపీగా కూర్చున్నాడు. రూతమ్మ బ్రేకు గట్టిగా తొక్కింది. ఎడ్లకు మూరెడు దూరంలో ఇంజను ఆగిపోయింది.

"ఎందుకాపినవ్? సడక్ ఖాళీగనే ఉంది గద!" అన్నాడాయన.

అంతలో ఎడ్ల మెడగంటలు వినిపించాయి. దానియేలు తల దించుకున్నాడు.

రూతమ్మకు అంతా అర్థమైంది. "ఎప్పటిసంది?" అని అడిగింది.

"ఎండకాలం సంది తగ్గుకుంట వచ్చింది. ఇగ సూపు రాదన్నడు పట్నం డాక్టరు. నువ్వు నేర్సుకునేదాకన్న ఉంటదనుకున్న."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడ్వకు. సడక్ ఖాళీ అయిందా, సూసి చెప్పు."

కన్నీళ్లలో రూతమ్మకూ ఏమీ కనబడటం లేదు.