ఆర్నెల్ల కార్డు

మూడోసారి కూడా ఆ పెద్దావిడ ముఖం మీదే తలుపు వేయబోయాడు లిఫ్టు మెకానిక్.

ఆవిడ గొంతు పెంచలేదు.

"ఒక్క సంతకం బాబూ. ఇంకేం అక్కర్లేదు."

అతని నాలుగు నెలల కూతురు పోయి అప్పటికి ఇరవై రోజులు. జలుబు చేసి, పాలు సరిగ్గా తాగకుండా తల్లి పక్కలో పడుకున్న పిల్ల తెల్లారి లేవలేదు. కారణం తెలియదన్నారు డాక్టర్లు.

చుట్టాలకు మాత్రం తెలిసిపోయింది. నిద్రమత్తులో తల్లే పిల్ల మీదికి ఒరిగి ఉంటుందన్నారు.

ఆ మాట అతని చెవినా పడింది. భార్యను అడగలేదు. అడగకుండా ఎందుకున్నాడో ఆమెకు తెలుసు. ఇద్దరి మధ్యా గ్యాస్ బండ, కుళాయి నీళ్లు... అంతకు మించి మాటల్లేవు.

సంతకం కోసం వచ్చిన ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. మొదటిసారి వచ్చినప్పుడే, "పాప ఆఖరిసారి పాలు ఎప్పుడు తాగిందమ్మా?" అని అతని భార్యను అడిగింది. అతనికి పుండు మీద కారం చల్లినట్టయింది. మెడపట్టి గెంటినంత పని చేశాడు.

ఈసారి భార్య లోపలినుంచి వచ్చింది.

"దేనికండీ సంతకం?"

"పుట్టగానే పాప మడమ గుచ్చి, కార్డు మీద రక్తపు చుక్కలు తీస్తారమ్మా. వాటిని రెండు జబ్బులకే చూస్తారు. కొందరు పిల్లలకి కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి శక్తి ఇవ్వదు. నిద్రలోనే పోతారు. ఆ గుర్తులూ ఆ చుక్కల్లోనే ఉంటాయి. మీరు ఒప్పుకుని సంతకం పెడితే ల్యాబులో చూస్తారు."

"ఇప్పుడు తెలిసి ఏం లాభం? పిల్ల తిరిగొస్తుందా?" అన్నాడతను.

"రాదు బాబూ. కానీ ఆ కార్డు ఆర్నెల్లే దాస్తారు. తర్వాత పారేస్తారు."

భార్య సంతకం పెట్టింది. పీడ వదులుతుందని అతనూ పెట్టాడు. కూర్చోమనైనా అనలేదు.

నెల తర్వాత ల్యాబు నుంచి కాగితం వచ్చింది. పాపకు ఆ జబ్బే. పుట్టుకతో వచ్చిందే.

అతను రెండుసార్లు చదివి భార్య ముందు పెట్టాడు.

"నేను నిన్నెప్పుడూ..." అన్నాడు.

"అనలేదు" అంది ఆమె, ఆరిన బట్టలు మడతపెడుతూ.

ఏడాదిన్నరకు బాబు పుట్టాడు. ఆ కాగితం చూసి డాక్టరమ్మ మొదటి రోజే పరీక్ష చేయించింది. వాడికీ అదే జబ్బు.

"మూడు గంటలకోసారి పాలు పట్టండి. జ్వరమొచ్చి తాగడం మానేస్తే వెంటనే తీసుకురండి, గ్లూకోజు ఎక్కిస్తాం. ముందే తెలిస్తే బతికే జబ్బే ఇది."

రెండుసార్లు అలా పరుగెత్తారు. రెండుసార్లూ బాబు బతికాడు.

వాడికి నడక వచ్చాక, ఇద్దరూ వాణ్ని ఎత్తుకుని ల్యాబుకు వెళ్లారు.

"సంతకాలకి వచ్చిన పెద్దావిడకి ఒకసారి చూపిద్దామని..."

గుమాస్తా పెన్ను పక్కన పెట్టాడు.

"ఆవిడ మా మనిషి కాదండి. ఎక్కడ పసిబిడ్డ పోయిందని తెలిసినా మా దగ్గర ఫారం అడిగి తీసుకెళ్లేది. పోయిన నెలే పోయింది. శవం కోసం ఎవరూ రాలేదు."

"ఆవిడకి పిల్లల్లేరా?" అడిగింది భార్య.

"ఇద్దరు పుట్టారు. ఇద్దరూ నెలల పిల్లలుగా ఉండగానే నిద్రలో పోయారు. అప్పట్లో ఈ పరీక్షల్లేవు."

గుమాస్తా బాబు వంక చూసి గొంతు తగ్గించాడు.

"దిండు అదిమి తనే చంపిందని పద్నాలుగేళ్లు జైల్లో ఉండొచ్చిందమ్మా ఆవిడ."