ఫ్యాను తిరిగిన వైపు

పదో తరగతి తప్పినవాడికి ఇంజన్ల సంగతి ఎందుకని కిషన్‌రావు అనడం ఇది మొదటిసారి కాదు. కానీ పామర్‌స్టన్ నార్త్ అనే ఆ పరాయి దేశపు ఊళ్లోని తెలుగువాళ్లంతా ఆదివారం భోజనాలకు చేరిన హాలు ముందు, నలభై మంది వినేటట్టు అనడం మాత్రం ఇదే మొదలు. ఆరేళ్లుగా ఆయన గ్యారేజీలో టైర్లు మారుస్తున్న మొగిలయ్యకు చెవులు భగ్గుమన్నాయి.

ఎదురుగా నర్సు నిరుపమ కారు బానెట్ సందుల్లోంచి ఆవిరి కక్కుతోంది. ముప్పై ఏళ్ల నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు.

"థర్మోస్టాట్ మార్చినం. రేడియేటర్ మార్చినం. కొత్త ఫ్యాను పెట్టినం. ఇంకేం మార్చాలె, డ్రైవర్నా?" అన్నాడు కిషన్‌రావు. అందరూ నవ్వారు. "ఇంజన్ హెడ్డు పగిలింది. ఇగ తుక్కే."

"పగల్లేదు సార్. నేను చూస్త," అన్నాడు మొగిలయ్య.

"వద్దులే అన్నా," అంది నిరుపమ చిన్నగా. "ఎట్లాగూ వదిలించుకుంటున్న."

"చూడనియ్ చెల్లే, ఊకెనే కదా," కిషన్‌రావు చేతులు కట్టుకున్నాడు. "మొగిలయ్యా, జబ్బు దొరకకపోతే రేపటి నుంచి నా గ్యారేజీకి రాకు."

"దొరికితే?"

"దొరికితే స్పానర్ నీకు. టైర్లు నేనే మారుస్త."

మొగిలయ్య ఇంజన్ చల్లబడేదాకా ఆగాడు. ఆయిల్ మూత విప్పి వేలితో తడిమి చూశాడు. హెడ్డు పగిలి ఆయిల్లో నీళ్లు కలిస్తే అది పాలు పోసిన చాయ్‌లా ఉండాలి. ఇది నల్లగా నిగనిగలాడుతోంది. రేడియేటర్‌లో నీళ్లు నింపి నిరుపమ వైపు తిరిగాడు.

"ఎక్కడ మరుగుతది చెల్లే? జోరుగ పోతుంటేనా, ఆగితేనా?"

"హైవే మీద ఏం కాదన్నా. టౌన్లకొచ్చి సిగ్నల్ కాడ ఆగితే చాలు, వేడి చూపే సూది పైకెక్కుతది."

"కొత్త ఫ్యాను పెట్టినంక ఎక్కువైందా?"

"అవునన్నా! నీకెట్ల తెలుసు?"

మొగిలయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు. సూది మెల్లగా పైకి పోయింది. టక్కుమని ఫ్యాను తిరగడం మొదలైంది. భోజనాల బల్ల మీది నాప్‌కిన్ ఒకటి తెచ్చి కారు మూతి ముందు పట్టాడు. అది చటుక్కున ఎగిరి కిషన్‌రావు ముఖాన అతుక్కుంది.

"ఇది గాలి ఊరు," కిషన్‌రావు విసుగ్గా దాన్ని లాగి పారేశాడు. "కాగితాలు ఎగరక ఏం జేస్తయ్?"

"సరే. అయితే గోడ చాటుకు పోదాం."

ఇంజన్ ఆపి, నలుగురు నెట్టి కారును హాలు గోడ వెనక్కి చేర్చారు. అక్కడ ఆకు కూడా కదలడం లేదు. మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ నాప్‌కిన్ పట్టాడు. మళ్లీ ఎగిరింది.

"ఫ్యాను గాలిని లోపలికి గుంజాలె. ఇది బయటికి ఊదుతున్నది," అన్నాడు మొగిలయ్య అందరివైపు తిరిగి. "జోరుగ పోతే ఎదురుగాలే ఇంజన్‌ను సల్లబరుస్తది. ఆగితే ఇగ దిక్కు లేదు. ఎవరో గొప్ప చదువు చదివినోళ్లు రెండు వైర్లు ఉల్టా పెట్టిన్రు."

ఇంజన్ ఆపి, జేబులోంచి చాకు తీసి రెండు వైర్లు అటుదిటు మార్చాడు. ఈసారి నాప్‌కిన్ వెళ్లి కారు మూతికి అతుక్కుపోయింది. ఎక్కిన సూది దిగివచ్చి మధ్యలో ఆగింది. ఇరవై నిమిషాలు ఇంజన్ ఆడుతూనే ఉంది, సూది కదల్లేదు. ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. కిషన్‌రావు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"సార్, రేపు పొద్దున ఎనిమిదింటికి రాండ్రి. టైర్లు మస్తుగున్నయ్," అన్నాడు మొగిలయ్య. జనం విరగబడి నవ్వారు.

సాఫ్ట్‌వేర్ అభినయ్ ముందుకొచ్చాడు. "నిరుపమక్కా, అమ్ముతున్నవా? పదిహేను వేలిస్త."

నిరుపమ ఒకసారి హాలు వంటగది వైపు చూసింది.

"పదిహేనా?" మొగిలయ్యకు కోపమొచ్చింది. "ఆ ఇంజన్ చప్పుడు విన్నవా? వజ్రం! పద్దెనిమిదిన్నరకు తక్కువైతే ఇయ్యకు చెల్లే. నాది గ్యారంటీ!"

"సరే అంకుల్, మీ మాట మీద పద్దెనిమిదిన్నర," అంటూ అభినయ్ అక్కడే ఫోన్లోంచి డబ్బు పంపేశాడు. నిరుపమ కారు తాళం అతని చేతిలో పెట్టి, మొగిలయ్యకు రెండు చేతులా దండం పెట్టి, తల వంచుకుని గబగబా వెళ్లిపోయింది.

చప్పట్లు విని భాగ్యమ్మ గరిటె పట్టుకునే వంటగదిలోంచి వచ్చింది.

"సూసినవానే నీ మొగని ప్రతాపం!" మొగిలయ్య ఛాతీ విరిచాడు. "తుక్కన్న కారును పద్దెనిమిదిన్నర వేలకు అమ్మిపిచ్చిన!"

భాగ్యమ్మ గరిటె కిందికి జారింది.

"ఏ కారు? ఎర్రదా? తుక్కే కదా అని పొద్దున నిరుపమ పన్నెండు వందలకు నాకే ఇస్తనన్నది గదయ్యా! రెండేండ్ల సంది దాన్నే ఆశగ సూస్తున్నవని నీ కోసమే బేరం చేసిన, నీకు చెప్పొద్దని ఆమెకు చెప్పిన. తిన్నంక పైసలిచ్చి తాళం నీ చేతుల పెడదామనుకున్న!"

జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. మొగిలయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు: పదిహేడు వేల మూడు వందల డాలర్లు.