ఐదుకీ ఆరుకీ మధ్య చెమ్మచెక్క

లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

లోపల ముగ్గురు. చలపతిరావు గారు, ముప్పై రెండు ఎలక్ట్రానిక్స్ షాపుల యజమాని. కిరణ్మయి, ఎనిమిదో అంతస్తులో వీడియోగేమ్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఉద్యోగిని. మూలన హౌస్‌కీపింగ్ లక్ష్మమ్మ, చేతిలో మాప్ కర్ర.

"ఇదేం ఖర్మండీ బాబూ!" అన్నారు చలపతిరావు.

ఆయన తొందర ఆయనది. పదకొండున్నరకి పదో అంతస్తులో సంతకం పెట్టాలి. అక్కడి కంపెనీ గేమ్ పెట్టె పేరు 'వేట'. తుపాకులు, నెత్తురు, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. కిరణ్మయి వాళ్లది 'చెమ్మచెక్క'. పిల్లా పెద్దా కలిసి ఆడుకునేది. దాన్ని నిన్న ఫోన్లోనే తీసిపారేశారాయన.

"ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే రోజులా అమ్మా ఇవి? కుర్రాళ్లకి కాల్పులు కావాలి. మీది షాపులో దుమ్ము కొట్టుకుపోతుంది."

నగరంలో పెద్ద డీలర్లు ముగ్గురే. కనీసం ఇద్దరు ఒప్పుకోకపోతే నెలాఖరుకి చెమ్మచెక్క టీంని ఎత్తేస్తామని కిరణ్మయి కంపెనీ పెద్దలు చెప్పేశారు. ఇరవై రెండు మంది. అందరినీ ఇంటర్వ్యూ చేసి తెచ్చుకున్నది కిరణ్మయే. వారం రోజులుగా వాళ్ల మొహాలు చూడలేక లంచ్ కూడా డెస్క్ దగ్గరే తింటోంది.

చలపతిరావు ఎర్ర బటన్ నొక్కారు. కింద ఉన్న లిఫ్టు ఆపరేటర్ మొగిలి గొంతు స్పీకర్లోంచి వినిపించింది.

"పరేషాన్ గాకుండ్రి సార్. ఐదుకు ఆరుకు నడుమ ఆగింది. మెకానిక్ వస్తుండు, ట్రాఫిక్‌ల ఉన్నడు. అర్ధగంట పడ్తది."

"అరగంటా!"

ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. ఆయన తలుపు సందులో వేళ్లు పెట్టి లాగి చూశారు. ఊహూ. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాలుగు స్టీలు గోడలు, పైన ఒక బుల్లి ఫ్యాను. ఎంత పెద్ద వ్యాపారి అయితే ఏం, ఆ పెట్టెలో ఆయనా ఒక సామానే.

ఇంతలో లక్ష్మమ్మ ఏడుపు లంకించుకుంది. "అయ్యో దేవుడా! ఊపిరాడ్తలేదు సారూ! నా పిల్లలు ఏంగావాలె!"

"గాలి వస్తూనే ఉంది లక్ష్మమ్మా, ఫ్యాను తిరుగుతోంది చూడు" అంది కిరణ్మయి.

ఆ ఏడుపు వినలేక చలపతిరావు బ్యాగులోంచి వేట శాంపిల్ తీశారు. చేతిలో పట్టుకు ఆడే రకం. ఆన్ చేయగానే ఢాం ఢాం అంటూ లిఫ్టంతా దద్దరిల్లింది. తెర నిండా నెత్తురు.

"బంద్ జెయ్యి సారూ! నీ కాల్మొక్త!" చెవులు మూసుకుని కూలబడింది లక్ష్మమ్మ.

ఆయన ఆపేశారు. నిజానికి ఆయనకీ కళ్లు తిరిగాయి. పైగా అది ఒక్కరు ఆడేది. మిగతావాళ్లు గోడలు చూసుకోవాల్సిందే.

మళ్లీ ఏడుపు. మళ్లీ అవే గోడలు. గడియారం పదకొండూ ఇరవై అంటోంది.

కిరణ్మయి లాప్‌టాప్ బ్యాగు జిప్పు తీసింది. చెమ్మచెక్క తాలూకు పలకంత తెర, మూడు చిన్న రిమోట్లు బయటికి వచ్చాయి. తెరని హ్యాండ్‌రెయిల్ మీద ఆనించింది.

"సార్, కాసేపు దోశలబండి నడుపుదామా? ఒకరు పిండి వేయాలి, ఒకరు తిప్పాలి, ఒకరు చట్నీ పొయ్యాలి."

"నేనా? దోశలా?" అన్నారు గానీ, రిమోట్ అందుకున్నారు. చేసేదేముంది కనక!

మొదటి దోశ మాడింది. రెండోది పెనం దాటి పోయింది. మూడోదానికి చలపతిరావు గారు నేల మీద బాసింపట్టు వేశారు. అయిదో దోశకి కేకలు మొదలెట్టారు. "తిప్పమ్మా లక్ష్మమ్మా, తిప్పు! మాడిపోతోంది!"

"నువ్వు పిండి సన్నగ పొయ్యి సారూ! నేను చూస్కుంట!"

ఏడుపు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. లక్ష్మమ్మ వేలు బటన్ మీద ఒక్కసారీ తడబడలేదు. యాభై దోశలు అమ్మి బండికి లైట్లు వెలిగినప్పుడు ముగ్గురూ పెద్దగా నవ్వారు.

నవ్వి నవ్వి, చలపతిరావు ఉన్నట్టుండి మెత్తబడ్డారు.

"మా ఇంట్లో విదేశీ రకం ఉందమ్మా, ఈ వేట లాంటిదే. మావాడు తలుపేసుకుని, చెవులకి అవి తగిలించుకుని ఆడతాడు. భోజనానికి పిలిచినా వినపడదు. వాడితో కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో."

కిరణ్మయి ఆయన మొహంలోకి చూడలేకపోయింది. తెర వైపే చూస్తూ "ఇంకో ఆట పెట్టనా సార్?" అంది.

మూడో ఆట మధ్యలో లిఫ్టు కదిలింది. "అరె, ఉండవయ్యా!" అన్నారు చలపతిరావు, అప్పుడే కదిలినందుకు.

ఎనిమిదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. బయటి చల్లగాలికి ఆయన ప్రాణం లేచొచ్చింది.

"పదో అంతస్తుకి తర్వాత ఫోన్ చేస్తాలే. పదమ్మా, మీ కాగితాలు తియ్యి. ముప్పై రెండు షాపుల్లోనూ పెడదాం. నా కళ్లతో నేను చూశాక ఇంకేం కావాలి?"

సంతకాలయ్యాయి. టీం అంతా చప్పట్లు కొట్టారు. నీహారిక అనే కొత్తమ్మాయి ఏడ్చేసింది కూడా. కిరణ్మయి మాత్రం మంచినీళ్ల వంకతో వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుంది.

అక్కడ నేల తుడుస్తున్న లక్ష్మమ్మ అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, రేపచ్చే రెండో సారు ముంగట గూడ గిట్లనే ఏడుస్త గని, లిఫ్టు ఆపమని మా మొగిలికి ఎన్ని గంటలకు చెప్పాలె?"