సామేలు తాత తిన్న చేప

"నా ముక్కుకు చెప్పకుండ ఈ వాడల ఒక్క పొయ్యి గూడ మండదు బిడ్డా. ఏ ఇంట్ల ఏం వండిన్రో ఈడ కూసునే చెప్త," అన్నాడు సామేలు తాత, చర్చి ఎదురుగా ఉన్న తన ఇంటి గడపలో కాళ్లు చాపుకొని.

నీరజ నవ్వలేదు. ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు పోయినా ఆమె మాత్రం చర్చి ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చంకలో బియ్యం గంప, చేతిలో ఒక చిన్న తెల్ల సంచి.

గార్ల దగ్గరి ఆ వాడలో విశ్వాసుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుని పేర తీసి పక్కన పెడతారు. ఆదివారం వాటిని సంచిలో పోసి గంపలో వేస్తారు. సంచులన్నీ బట్టలు కుట్టే నీరజ ఒకే గుడ్డతో కుట్టినవి. ఎవరు ఎంత ఇచ్చారో ఎవరికీ తెలియకూడదు. ఆ బియ్యాన్ని లేనివాళ్ల ఇంటికి చేర్చే పని కూడా ఆమెదే.

"అయితే ఇది ఎవలదో చెప్పు," అంటూ ఆమె ఆ సంచిని తాత అరచేతిలో బోర్లించింది. నాలుగు నూకలు, కాస్త తవుడు రాలాయి.

తాత వాటిని అటూ ఇటూ కదిపి చూశాడు. "కోడిపిల్లలు గూడ కానుకలేస్తున్నయా?"

"పరాచికాలొద్దు తాతా. ఎవలో డబ్బా అడుగు గీకి దేవుని వంతు తీసిన్రు. ఇన్ని బియ్యం మోస్తున్న, నా వాడల ఎవలు పస్తున్నరో నాకే తెల్వదు."

"ఇప్పుడు నీకెందుకు? రేపు మహదేవపూర్ పోతున్నవు గద."

ఆమెకు గుచ్చుకునేది అదే. పోయిన నెల వచ్చిన బోధకుడు, గోదావరి పక్క పల్లెల్లో దిక్కులేనివాళ్లకు సేవ చేయడానికి ఎవరు వస్తారని అడిగితే, మొదట చెయ్యెత్తింది నీరజే. దేవుడు పిలిచాడనే అనుకుంది. బట్టలు సర్దుకుంది. తెల్లారితే బస్సు. ఆ నూకలను చూసినప్పటి నుంచి మాత్రం ఒకచోట నిలవలేకపోతోంది.

"ఆ ఇల్లు దొరక్కుండ బస్సెట్ల ఎక్కాలె? లే. ముక్కు ముక్కంటివి, చూపియ్యి."

తాత కర్ర పట్టుకొని లేచాడు. లేస్తూనే తూలి గోడకు ఆనుకున్నాడు.

"ఏమాయె తాతా?"

"పొద్దున తిన్న కొర్రమట్ట పులుసు ఇంకా బరువుగనే ఉన్నది. గార్ల చెరువుల పట్టిన చేప. తల నా గడపల పెడితే తోక చర్చి మెట్ల మీద పడ్డది. పాటలు పాడెటోళ్లు దాన్ని దాటుకుంట పోయిన్రు."

"నేను దాటలే."

"నువ్వు కండ్లు మూసుకొని పార్థన జేసుకుంట వస్తివి."

మొదట తారక్క ఇల్లు. తాత వాకిట్లోనే ఆగి గాలి పీల్చాడు. "యాట మాంసం కూర. మసాల దంచి ఏసింది. ఈడ ఆకలి లేదు, పద."

తారక్క గిన్నె మూత తీసి చూపించింది. టమాట చారు. పక్కనే కుండ నిండా అన్నం. "యాట యాడిది తాతా? నీ ముక్కు ముసల్దయింది. ఒక ముద్ద తింటవా?"

"కడుపుల జాగ లేదు."

స్రవంతి ఇంటి ముందు కోడికూర అన్నాడు. లోపల ఉడుకుతున్నది పెసరపప్పు. స్రవంతి నవ్వి, "రేషన్ షాపు కాడ నిన్ను వాపస్ పంపిన్రట గద తాతా?" అంది.

"పంపుడేంది? ఆ మిషిన్ నా వేలు చూసి భయపడ్డది. గింత పెద్దమనిషి ముద్ర నేను మొయ్యలేనన్నది."

నీరజ కూడా నవ్వింది. వెంటనే మళ్లీ నడక. వాడంతా తిరిగారు. ప్రతి ఇంట్లో పొయ్యి వెలిగే ఉంది. ఆమె చూసిన ఇళ్లకే మళ్లీ వెళ్లి బియ్యం డబ్బాలు తెరిచింది. "మా బియ్యం మీద నీకేం పంచాతి?" అని మాటలు కూడా పడింది.

తిరిగి తాత గడపకు చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది.

"నేనే ఓడిపోయిన బిడ్డా. నా ముక్కు ఉత్త గొప్పలకే. ఇయ్యాల చెప్పింది ఒక్కటి గూడ నిజం గాలే," అన్నాడు తాత హాయిగా. "ఆ నూకలు ఎవలో తెల్వక పోసుంటరు. నువ్వు పోయి జర పండుకో."

లోపలి నుంచి ఆయన పిల్లి ఒళ్లు విరుచుకుంటూ వచ్చింది. నల్లపిల్లే గానీ, ఒళ్లంతా బూడిద.

"దీనికి బూడిదేంది తాతా?"

"ఇబూది. అదింక బాప్తిస్మం తీసుకోలే."

నీరజ గంప దించింది. కొంగు నడుముకు చెక్కుకుంది.

"నీ పొయ్యి మీదనే వండుత. వాసన తాకితే ఆకలైనోళ్లు వాళ్లే వస్తరు."

"ఎవ్వలు రాకపోతే?"

"అన్నం పారేస్తమా? నువ్వే తినాలె."

"చేప అరగలే అంటే ఇనవేంది?"

"జర రుచి చూస్తే సాలు."

అన్నం ఉడికింది. ఎవరూ రాలేదు. వృథా చేయడం పాపమని తాత కూర్చున్నాడు. ఆమెను నొప్పించడం ఇష్టం లేక మళ్లీ పెట్టించుకున్నాడు కూడా. ఆయన తింటుండగానే నీరజ బోధకునికి ఫోన్ చేసింది.

"నేను రాలేను అయ్యగారూ."

"పిలుపన్నవు గదమ్మా?"

"పిలుపే అయ్యగారూ. మా వాడ నుంచే వచ్చింది."

బస్సు ఆమె లేకుండానే పోయింది. మర్నాడు కూడా వచ్చి పొయ్యి ముట్టించింది. ఆకలైనవాళ్లు ఆ రోజూ రాలేదు. ఆమె వండడం మానలేదు.

సామేలు తాత అంటే నేనే. కథ చెప్పేవాడు కొంత కలుపుతాడని మీకు తెలియనిది కాదు. ఇందులో నేను కల్పించింది చేప పొడుగు ఒక్కటేనని మీరు అనుకుంటూ ఉంటారు.

ఆ పొద్దు చేపే లేదు.